మూడు ఉత్తరాలు, ఒక సంతకం

ఉపకారవేతనం ఎంత అన్నది ఉత్తరంలో మొదటనే ఉంటుంది. అది చేతికి ఎంతకాలం అందుతుందో మాత్రం విద్యార్థే లెక్క కట్టుకోవాలి.

అమెరికాలో న్యాయవిద్యకు దరఖాస్తు పెట్టుకొన్న ఇండ్లలో ఫిబ్రవరి, మార్చి నెలలు పెండ్లి సంబంధాలు చూచే రోజులవలె గడుస్తాయి. ఒక్కొక్క కళాశాల నుండి ఒక్కొక్క ఉత్తరం వస్తుంది. ఇప్పుడవి చాలావరకు కంప్యూటరు తెరమీదికే వస్తున్నా వాటి బాణీ మాత్రం మారలేదు. మొదట అభినందనలు, తరువాత కళాశాల ఘనత, ఆ తరువాత ముద్దక్షరాలలో ఒక అంకె. ఏటా ఇరవై వేల డాలర్లు, ముప్పై వేల డాలర్లు, ఒక్కొక్కసారి ఫీజు మొత్తం. ఇరవై రెండేండ్ల విద్యార్థి ఆ అంకెను చూచి పొంగిపోవడం సహజం. తల్లిదండ్రులు బంధువులకు ఫోను చేసి చెప్పుకోవడమూ సహజమే. ఆ సంతోషంలో ఉత్తరం చివరి పుటను ఎవరూ చదవరు. షరతులు ఉండేది అక్కడ.

న్యూజెర్సీలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చును. తండ్రి ఇంజనీరు. తల్లి ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నది. కుమార్తె డిగ్రీ పూర్తిచేసి న్యాయశాస్త్రం చదవదలచింది. పరదేశాల నుండి వచ్చి కాగితాల చిక్కులలో పడినవారి పక్షాన వాదించాలని ఆమె కోరిక. ఆమెకు మూడు చోట్ల సీటు వచ్చింది.

మొదటిది మహానగరంలోని పేరెన్నికగన్న ప్రైవేటు కళాశాల. ఉపకారవేతనం లేదు. ఫీజు ఏటా 75,000 డాలర్లు. ఇంటి అద్దె, తిండి, పుస్తకాలు, ఆరోగ్య బీమా కలిసి మరి 35,000. రెండవది సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల. దాని పేరు దేశమంతటా మారుమ్రోగదు గాని, రాష్ట్రంలోని కోర్టులలో ఎటు చూచినా దాని పూర్వవిద్యార్థులే. ఫీజు 36,000, అందులో ఏటా 20,000 తగ్గింపు, ఇతర ఖర్చులు 20,000. మూడవది వేరొక రాష్ట్రంలోని చిన్న ప్రైవేటు కళాశాల. ఫీజు 54,000, ఉపకారవేతనం 45,000, ఇతర ఖర్చులు 22,000. కుటుంబమూ కల్పితమే, అంకెలూ లెక్కకు అనువుగా ఎంచుకొన్నవే. ఐతే ఇటువంటి మూడు ఉత్తరాలను బల్లమీద పరచుకొని కూర్చున్న ఇండ్లు అమెరికాలో ప్రతి వసంతంలోనూ ఉంటాయి.

తండ్రి చూపు మొదటి ఉత్తరం మీద ఉన్నది. "పేరున్న కాలేజీ అమ్మా, ఆ పేరు జన్మంతా నీ వెంట వస్తుంది" అంటాడు. తల్లి చూపు మూడవదాని మీద ఉన్నది. "నలభై ఐదు వేలు ఊరికే ఇస్తామంటున్నారు కదండీ" అంటుంది. రెండవ ఉత్తరాన్ని ఎవరూ రెండవసారి చదవలేదు.

ఊరికే ఎందుకిస్తారు అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టడం మంచిది. అమెరికాలో న్యాయవిద్య మూడేండ్ల చదువు. ఏదో ఒక డిగ్రీ పూర్తిచేసిన తరువాతనే అందులో ప్రవేశం. ప్రవేశానికి ముఖ్యమైన కొలబద్ద ఎల్‌శాట్ అనే పరీక్ష. దానిలో మార్కులు 120 నుండి 180 వరకు ఇస్తారు. యు.ఎస్. న్యూస్ అనే పత్రిక 1987లో మొదటిసారి న్యాయకళాశాలలకు వరుససంఖ్యలు కట్టింది. 1990 నుండి ఏటా కడుతూ వచ్చింది. ఆ వరుస కట్టే పద్ధతిలో, చేరిన విద్యార్థుల ఎల్‌శాట్ మార్కుల మధ్యాంకానికి చోటున్నది. సరిగ్గా తరగతి నడుమ నిలిచిన విద్యార్థి మార్కును మధ్యాంకమంటారు.

ఈ మధ్యాంకంలో ఒక చమత్కారం ఉన్నది. రెండు వందలమంది చేరే తరగతిలో నూటొక్కమందికి 160 గాని అంతకు మించి గాని మార్కులుంటే చాలు, మధ్యాంకం 160కి తగ్గదు. మిగిలిన తొంభైతొమ్మిదిమందికి 158 వచ్చినా, 148 వచ్చినా మధ్యాంకం చలించదు. కనుక కళాశాల ఏమి చేస్తుంది? ఆ గీతకు పైనున్న విద్యార్థులను రప్పించుకోవడానికి డబ్బు వెదజల్లుతుంది. గీతకు దిగువనున్నవారి నుండి వీలైనంతవరకు పూర్తి ఫీజు వసూలు చేస్తుంది. పైవారికి ఇచ్చే తగ్గింపులో చాలా భాగం క్రిందివారి ఫీజు నుండి వచ్చినదే. ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద, ఒకే పాఠం వినే ఇద్దరిలో ఒకరు చెల్లించేది మరొకరు చెల్లించేదానికి అయిదింతలు ఉండవచ్చును. న్యాయవిద్యార్థుల అనుభవాలను సేకరించే ఇండియానా విశ్వవిద్యాలయపు సర్వే 2016 నివేదికలో ఈ సంగతినే ఎత్తిచూపింది. పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకొనేవారు చాలావరకు కలిగిన ఇండ్ల పిల్లలు. అందుచేత చదువుకొన్న తల్లిదండ్రులు లేని పేద విద్యార్థి చెల్లించే ఫీజు, తనకంటె బాగా బ్రతికినవారి ఉపకారవేతనంగా మారుతున్నదని ఆ నివేదిక సారాంశం.

అందరూ ఇట్లే చేస్తారని కాదు. యేల్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ న్యాయకళాశాలలు మార్కులను చూచి డబ్బివ్వవు. కుటుంబ ఆదాయాన్ని చూచి మాత్రమే సహాయం చేస్తాయి. పేదరికపు రేఖకు దిగువనున్న కుటుంబాల విద్యార్థులకు ఫీజు మొత్తం భరించే పథకాన్ని యేల్ 2022లో ప్రకటించింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ప్రజాసేవను వృత్తిగా స్వీకరించదలచినవారికి రూట్-టిల్డన్-కెర్న్ ఉపకారవేతనం ఉన్నది. దాని మూలం 1951 నాటిది. షికాగో విశ్వవిద్యాలయంలో డేవిడ్ రూబెన్‌స్టైన్ విరాళంతో 2010లో నెలకొల్పిన వేతనం మూడేండ్ల ఫీజును పూర్తిగా చెల్లిస్తుంది. ఇటువంటివి దొరికినవారికి ఈ వ్యాసంతో పని లేదు. మిగిలినవారికి వచ్చే అంకె చాలా సందర్భాలలో వస్త్రదుకాణంలో ఆషాఢం తగ్గింపువంటిదే. అసలు ధర ఎంత పెట్టారో చూచిన తరువాతనే తగ్గింపుకు అర్థం ఏర్పడుతుంది.

తల్లి ఇష్టపడిన మూడవ ఉత్తరాన్ని ఇప్పుడు చివరివరకు చదవాలి. రెండవ పుట అడుగున ఒక వాక్యమున్నది: మొదటి సంవత్సరం చివర మార్కుల సగటు 3.0కి తగ్గరాదు, తగ్గినచో ఉపకారవేతనం రద్దవుతుంది. నాలుగుకు మూడు. డిగ్రీ కళాశాలలో 3.7 తెచ్చుకొన్న అమ్మాయికి ఇది ఒక షరతుగానే తోచదు. "మూడు కూడా రాదా ఏమిటి?" అంటుంది.

రాకపోవచ్చును. అమెరికా న్యాయకళాశాలలలో మొదటి సంవత్సరపు మార్కులు విద్యార్థి ఎంత బాగా వ్రాసినాడన్న దానిమీద మాత్రమే ఆధారపడవు. పక్కవారు ఎంత బాగా వ్రాసినారన్న దానిమీద కూడా ఆధారపడతాయి. తరగతి సగటు ఇంత ఉండాలని అనేక కళాశాలలు ముందే నిర్ణయిస్తాయి. ఆ సగటు 2.9గా నిర్ణయమైతే తరగతిలో దాదాపు సగంమంది, ఎంత కష్టపడినా, 3.0కి దిగువనే నిలుస్తారు. నూరుమంది గల తరగతిలో అరవైమందికి ఈ షరతుతోనే వేతనాలిచ్చినారని, 3.0 దాటగలిగినవారు నలభైమందేనని అనుకొంటే, కనీసం ఇరవైమంది వేతనం పోగొట్టుకొని తీరాలి. ఆ ఇరవైమంది ఎవరో సెప్టెంబరులో ఎవరికీ తెలియదు. ఇరవైమంది ఉంటారని మాత్రం కళాశాలకు తెలుసు. తక్కినవారిని మించిపోతామని ఆ అరవైమందిలో ప్రతి ఒక్కరూ నమ్ముతారు, ఏమంటే వారందరూ అంతవరకు తరగతిలో మొదటివారుగానే ఉంటూ వచ్చినవారు.

2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో డేవిడ్ సెగల్ ఈ వ్యవహారాన్ని వివరంగా వ్రాసిన తరువాత పెద్ద కలకలం బయలుదేరింది. 2012లో అమెరికన్ బార్ అసోసియేషన్ తన నిబంధనలను సవరించింది. షరతులతో వేతనాలిచ్చే ప్రతి కళాశాలా, ఏటా ఎందరు అటువంటి వేతనంతో చేరినారో, వారిలో ఎందరికి అది తగ్గినదో లేక పూర్తిగా పోయినదో పట్టిక వేసి ప్రకటించాలి. 509వ ప్రమాణం క్రింద ఇచ్చే ఈ సమాచారం ఏటా డిసెంబరు మధ్యకల్లా కళాశాల వెబ్‌సైట్‌లో ఉండాలి. అంకెలు వెల్లడి చేయవలసి వచ్చిన తరువాత చాలా కళాశాలలు షరతులనే ఎత్తివేశాయి, అన్నీ కాదు. ఆ పట్టిక చూడకుండా షరతుగల ఉత్తరానికి ఒప్పుకోవడం ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్ తీయించకుండా ఇండ్లస్థలం కొన్నట్లే. కాగితం తీయించడానికి ఖర్చు లేదు, చూడకపోతే కలిగే నష్టానికి అంతు లేదు.

కొన్ని ఉత్తరాలలో "సంతృప్తికరమైన విద్యాస్థితి ఉన్నంతవరకు" అని మాత్రమే ఉంటుంది. తప్పకుండా పై తరగతికి వెళ్ళగలిగితే చాలునని దాని అర్థం. దానికి భయపడనవసరం లేదు. రెండవ ఉత్తరంలోని మాట అదే. ఎవరూ రెండవసారి చదవకపోవడం వలన అది కంటబడలేదు.

షరతుగల వేతనం కొత్త సంగతి కాదు. 1913లో డాక్టర్ అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినది బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన మూడేండ్ల ఉపకారవేతనంతో. చదువు ముగించిన తరువాత పదేండ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలన్నది ఒప్పందం. ఆ వేతనం లేకపోతే ఆ ప్రయాణమే లేదు. సయాజీరావు ఔదార్యాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. 1916లో ఆయన లండను చేరి, న్యాయవాద వృత్తికోసం గ్రేస్ ఇన్‌లోను, అర్థశాస్త్రం కోసం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను ప్రవేశించారు. మరుసటి ఏడే వేతనం గడువు తీరిపోయింది. చదువు నడుమ ఆపి స్వదేశానికి రావలసి వచ్చింది. మాట ప్రకారం బరోడా కొలువులో చేరితే అస్పృశ్యుడన్న కారణంగా అద్దెకు ఇల్లు దొరకలేదు. కులం చెప్పకుండా ఒక పార్సీ సత్రంలో తలదాచుకొంటే, కర్రలు పట్టుకొని వచ్చిన గుంపు ఆయనను అక్కడినుండి వెళ్ళగొట్టింది. ఈ ఘట్టాన్ని ఆయనే తరువాత వ్రాసి ఉంచారు. వేతనపత్రం మీద సంతకం చేసిన నాడు పదేండ్ల కొలువు అన్నది ఒక పంక్తి మాత్రమే. ఆ పంక్తిలో బరోడా వీధులు కనబడవు.

లెక్కలోకి వస్తే, ఈ కుటుంబం చూడవలసినది మూడేండ్లకు చేతినుండి వెళ్ళే మొత్తాన్ని. వేతనపు అంకె ఎంత పెద్దదన్నది తరువాతి మాట. మొదటి కళాశాలకు ఏటా 1,10,000 చొప్పున మూడేండ్లకు 3,30,000 డాలర్లు. రెండవదానికి తగ్గింపు పోగా ఫీజు 16,000, ఖర్చులు 20,000, ఏటికి 36,000; మూడేండ్లకు 1,08,000. మూడవదానికి ఫీజు 9,000, ఖర్చులు 22,000, ఏటికి 31,000, మూడేండ్లకు 93,000. ఇంతవరకు తల్లి మాటే నెగ్గింది.

మొదటి ఏడు చివర వేతనం పోయినదనుకొంటే? మొదటి ఏటికి 31,000. తరువాతి రెండేండ్లకు ఏటా 76,000. మొత్తం 1,83,000. మూడింటిలో చవకైనది కాస్తా రెండవదానికంటె 75,000 ఎక్కువవుతుంది. కళాశాల పట్టిక ప్రకారం ముగ్గురిలో ఒకరు వేతనం పోగొట్టుకొంటున్నారని తేలితే, సగటున ఈ చదువు ఖరీదు 1,23,000 అవుతుంది. అంటే సగటు లెక్కలోనే రెండవ కళాశాల చవక. పైగా సగటును ఎవరూ చెల్లించరు. చెల్లించేది 93,000 లేక 1,83,000. ఈ తేడాను తట్టుకోగల ఇల్లు వేరు, తట్టుకోలేని ఇల్లు వేరు.

ఇంకొక చిన్న చిక్కు. వేతనం డాలర్లలో స్థిరంగా ఉండి ఫీజు ఏటా పెరుగుతూ ఉంటే భారమంతా విద్యార్థి వాటా మీద పడుతుంది. 54,000 ఫీజు ఏటా నూటికి నాలుగు చొప్పున పెరిగితే మూడవ ఏటికి 58,400 దాటుతుంది. కళాశాల ఇచ్చేది అదే 45,000. మొదట 9,000గా ఉన్న విద్యార్థి వాటా 13,400 అవుతుంది. ఫీజు పెరిగినది నూటికి ఎనిమిది. విద్యార్థి వాటా పెరిగినది దాదాపు నూటికి యాభై. వేతనాన్ని ఫీజులో ఇంత శాతమని వ్రాసి ఇవ్వగలరా అని ముందే అడగడంలో తప్పు లేదు. అట్లే ఫీజు, పుస్తకాలకు మించి బస, భోజనాలకు ఇచ్చే వేతనం మీద అమెరికాలో ఆదాయపు పన్ను పడుతుంది. ఈ సంగతి సాధారణంగా మరుసటి ఏప్రిల్‌లో గాని తెలియదు.

బోటనీ చదువైనా లా చదువైనా తండ్రి చూపు పేరు మీదనే ఉంటుంది. ఆయన వాదనను తేలికగా తీసివేయరాదు. పెద్ద నగరాలలోని మహా న్యాయవాద సంస్థలలో మొదటి ఏటి జీతం 2023 చివరినుండి 2,25,000 డాలర్లుగా నడుస్తున్నది. ఆ సంస్థలు మనుషులను ఎన్నుకొనేది చాలావరకు కొద్ది కళాశాలల నుండి, మిగిలిన కళాశాలలలో మొదటి వరుస విద్యార్థుల నుండి మాత్రమే. నెలకు 18,750 డాలర్లు గడించే మనిషికి 3,30,000 అప్పు కూడా కొన్నేండ్లలో తీరేదే. కాని అమెరికాలో కొత్త న్యాయవాదుల జీతాలను గీతగా గీస్తే ఒంటె వీపువలె రెండు మూపురాలు కనబడతాయి. ఒకటి ఆ రెండు లక్షల పైచిలుకు దగ్గర. రెండవది, మరింత వెడల్పైనది, దానిలో మూడవ వంతు చుట్టుప్రక్కల. నడుమ లోయలో మనుషులు తక్కువ. "సగటు జీతం" అని కళాశాల ప్రచార పత్రంలో అచ్చువేసే అంకె ఆ లోయలో పడుతుంది. ఆ జీతం నిజంగా తీసుకొనేవారు కొద్దిమందే.

ఈ అమ్మాయి కోరుకొన్న పని రెండవ మూపురానికి చెందినది. ఏటా 70,000 జీతమనుకొంటే పన్నుకు ముందు నెలకు 5,833 డాలర్లు. నూటికి ఎనిమిది వడ్డీతో పదేండ్లలో తీర్చవలసిన అప్పుకు నెలసరి వాయిదా, 3,30,000కు 4,000 పైన, 1,08,000కు 1,310, 1,83,000కు 2,220. మొదటి కళాశాలలో చేరితే పన్ను పోగా మిగిలినదంతా అప్పులవానిదే. అంటే ఆ చదువు చదివి ఆ పని చేయడం సాధ్యం కాదు. ఏ పనికోసం చదవదలచినదో, ఆ పనిని చదువు ఖరీదే దూరం చేస్తుంది. మనసు చంపుకొని మహాసంస్థలలో చేరి, "అప్పు తీరగానే వదిలేస్తాను" అనుకొంటూ ఏండ్లు గడిపేవారు ఇట్లే తయారవుతారు.

దీనికి విరుగుడు కొంత లేకపోలేదు. ప్రజాసేవలో చేరిన పూర్వవిద్యార్థుల అప్పు వాయిదాలను కొన్ని కళాశాలలే భరిస్తాయి. హార్వర్డ్ 1978 నుండి ఈ పని చేస్తున్నది. 2007 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ, ధార్మిక సంస్థలలో పనిచేస్తూ 120 వాయిదాలు చెల్లించినవారికి మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది. మొదటి కళాశాలలో అటువంటి పథకమున్నదా, ఎంత జీతం వరకు వర్తిస్తుంది, పెండ్లయితే భర్త ఆదాయాన్ని కలుపుతారా అన్నవి ఈ అమ్మాయి అడగవలసిన ప్రశ్నలు. మంచి పథకమున్న ఖరీదైన కళాశాల, పథకం లేని చవక కళాశాలకంటె మేలు కావచ్చును.

ఐతే అప్పు ఎక్కడిదన్నది 2026 నుండి పెద్ద ప్రశ్న అయింది. 2006 నుండి పైచదువుల విద్యార్థులకు, కళాశాల చెప్పిన ఖర్చు మొత్తానికి సరిపడా ఫెడరల్ ప్రభుత్వం అప్పు ఇస్తూ వచ్చింది. 2025 జూలైలో అయిన చట్టం ఆ పథకాన్ని 2026 జూలై 1 నుండి కొత్తగా చేరేవారికి ఎత్తివేసింది. అంతకుముందే చదువులో ఉండి అప్పు తీసుకొన్నవారికి కొంత వెసులుబాటు ఇచ్చింది. న్యాయవిద్యవంటి వృత్తివిద్యలకు ఏటా 50,000, మొత్తంమీద 2,00,000 డాలర్లు పరిమితి. మొదటి కళాశాలకు ఏటా 1,10,000 కావాలి. మిగిలిన 60,000 ఏటేటా ప్రైవేటు బ్యాంకులలో పుట్టించాలి. సంపాదన లేని ఇరవై రెండేండ్ల పిల్లకు బ్యాంకు అప్పు ఇవ్వాలంటే హామీదారు సంతకం అడుగుతుంది. ఆ సంతకం తండ్రిది. ప్రైవేటు అప్పుకు పైన చెప్పిన మాఫీ వర్తించదు. పేరు మీద అంత మోజుపడిన తండ్రి, మూడేండ్లకు 1,80,000 డాలర్లకు తాను హామీ ఉండవలసి వస్తుందని తెలిసిన సాయంకాలం, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంటాడు.

రెండవ, మూడవ ఉత్తరాలు అట్లు ముందుకు వస్తాయి. వాటిని పోల్చేటప్పుడు డబ్బుతో పాటు మరి రెండు పట్టికలు చూడాలి. చదువు ముగిసిన పది నెలలకు ఎందరికి న్యాయవాద పట్టా అవసరమైన, పూర్తికాలపు, స్థిరమైన ఉద్యోగాలు వచ్చినవి? బార్ పరీక్షలో ఎందరు నెగ్గినారు? పట్టభద్రులలో బార్ పరీక్ష వ్రాసినవారు రెండేండ్లలోగా నూటికి 75మంది ఉత్తీర్ణులు కావాలని 2019 నుండి బార్ అసోసియేషన్ నియమం. ఆ గీతను అంటీఅంటనట్లు దాటుతున్న కళాశాల ఫీజు మొత్తం మాఫీ చేసినా ఆలోచించవలసిందే. పరీక్ష తప్పిన న్యాయపట్టభద్రుడికి మిగిలేవి మూడేండ్ల వయస్సు, బస ఖర్చుల అప్పు. ఇక చిన్న కళాశాలల పలుకుబడి ఆ చుట్టుప్రక్కల జిల్లాలకే పరిమితం. న్యూజెర్సీలో ప్రాక్టీసు పెట్టదలచిన అమ్మాయికి వేరొక రాష్ట్రపు చిన్న కళాశాల పూర్వవిద్యార్థులు ఏ విధంగా సహాయపడతారు? "ముందు అక్కడ చేరి, మార్కులు తెచ్చుకొని, రెండవ ఏట పెద్ద కాలేజీకి మారతాను" అనేవారు ఉంటారు. మారవచ్చును. కాని మధ్యలో వచ్చినవారికి సాధారణంగా వేతనం ఉండదు; పాత వేతనం వెంట రాదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఇక్కడ సరిపోతుంది.

బేరమాడడం సంగతి మన కుటుంబాలకు మింగుడు పడదు. విద్యాలయంతో కూరగాయల బేరమా అని సంకోచం. ఇస్తామన్నది కూడా వెనుకకు తీసుకొంటారేమోనని భయం. అమెరికా న్యాయకళాశాలలలో ఇది రివాజే. ప్రవేశ కార్యాలయాలలో ఇందుకు ప్రత్యేకమైన ఫారాలు కూడా ఉంటాయి. మర్యాదగా, పొట్టిగా వ్రాయాలి. ఈ కళాశాలలోనే చేరాలన్న కోరిక ఎందుకున్నదో ఒక పేరాలో చెప్పి, సమాన స్థాయి కళాశాల ఇచ్చిన ఉత్తరం నకలు జతపరచి, ఎంత అయితే చేరగలరో ఒక అంకె వ్రాయాలి. లేని ఉత్తరాన్ని ఉన్నట్లు వ్రాయరాదు. ప్రవేశ కార్యాలయాలు నకలు అడుగుతాయి. ఆపైన నాలుగేండ్లకు ఇదే విద్యార్థి బార్‌లో చేరేటప్పుడు శీలాన్ని గురించి విచారణ ఉంటుంది. డబ్బు పెంచలేమన్నవారు షరతు తీసివేయడానికి ఒప్పుకోవచ్చును. మూడవ కళాశాల 45,000ను 40,000 చేసి షరతు ఎత్తివేస్తే మూడేండ్లకు 1,08,000 అవుతుంది. అంటే రెండవదానితో సమానం. అంకె తగ్గినా ఉత్తరం విలువ పెరిగినట్లే.

దీనికి వేళ కూడా ముఖ్యం. ముందస్తు ఒప్పందంతో, సీటు వస్తే తప్పక చేరుతామని మాట ఇచ్చి దరఖాస్తు పెట్టుకొన్నవారిని మినహాయిస్తే, ఏప్రిల్ 1కి ముందు ఎవరినీ చేరుతారని మాట ఇవ్వమని అడగరాదన్నది ప్రవేశాల మండలి కళాశాలలకు చెప్పే సదాచారం. ముందస్తు ఒప్పందం చేసుకొన్నవారికి బేరం శక్తి ఉండదు. రెండవ ఇల్లు చూచేది లేదని ముందే చెప్పిన పెండ్లివారికి కట్నకానుకల మాటలో గొంతు పెగలనట్లే ఇదీను.

భారతదేశం నుండి వెళ్ళే తెలుగు విద్యార్థుల కథ కొంత వేరు. ఇక్కడ హైదరాబాదులోని నల్సార్‌కో, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయానికో క్లాట్ ర్యాంకు ప్రకారం సీటు వస్తుంది. కళాశాలలు పోటీపడి విద్యార్థికి ధర చెప్పే పద్ధతి లేదు. అమెరికాకు వారు వెళ్ళేది ఎక్కువగా ఒక ఏటి ఎల్‌ఎల్.ఎం. చదువుకు. ఫెడరల్ అప్పు వారికి దొరకదు. ఇంటి పత్రాలు ఇక్కడి బ్యాంకులో పెట్టి డాలరు ధర మీద పందెం కాసినట్లు వెళ్ళాలి. ఆ చదువుతో న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలోనే బార్ పరీక్షకు కూర్చొనే వీలుంటుంది. అక్కడ పాతికవేల తగ్గింపు వచ్చినదన్న సంతోషంకంటె, తిరిగివచ్చి ఇక్కడి కోర్టులో నిలబడితే మిగిలిన అప్పు రూపాయలలో ఎన్నేండ్లకు తీరుతుందన్న లెక్క ముందు వేసుకోవాలి.

న్యూజెర్సీ ఇంటిలో చివరికి తల్లి ఒక ప్రశ్న వేస్తుంది. "ఒకవేళ ఏడాది చదివిన తరువాత ఈ చదువు నీకు నచ్చకపోతే?" ఎవరూ వేయని ప్రశ్న, వేయవలసిన ప్రశ్న. మొదటి కళాశాల నుండి ఏడాదికే బయటికి వస్తే 1,10,000 పోయినట్లు. రెండవదాని నుండి 36,000. మూడవదాని నుండి 31,000. ఈ ఒక్క లెక్కలో మాత్రం మూడవ ఉత్తరమే కొద్దిగా మెరుగు. నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఆ వారంలోనే కోర్టుకు వెళ్ళి ఒకరోజు వెనుక బెంచీమీద కూర్చొమ్మని తండ్రి సలహా ఇస్తాడు. అమ్మాయి నెవార్క్‌లోని ఇమిగ్రేషను కోర్టుకు వెళ్ళివస్తుంది. రాత్రి రెండవ కళాశాలకు ఉత్తరం వ్రాస్తుంది. మరి 5,000 పెంచగలరా అని అడుగుతుంది. వారం రోజులకు జవాబు వస్తుంది: 3,000 పెంచగలము, షరతులు లేవు, ఏప్రిల్ పదిహేనులోగా సీటు డిపాజిట్ చెల్లించవలెను.

మూడేండ్లకు 9,000. తల్లి కాగితం తీసుకొని 1,08,000లో నుండి దానిని తీసివేస్తుంది. 99,000. మూడవ ఉత్తరానికి, దీనికి ఇప్పుడు తేడా 6,000 డాలర్లు. ఆ ఆరు వేలు, ఏటేటా మే నెలలో మార్కులకోసం భయపడకుండా ఉండడానికి చెల్లించే ధర.